గోధుమరంగు తీగ నుంచి నారింజ తీగ దాకా

ఇంజనీరు సంచి కింద పెట్టగానే స్క్రూడ్రైవరు తీస్తారనుకున్నాను. తియ్యలేదు. మెట్ల మీద కూర్చుని, "బాయిలర్‌లో ప్రెజర్ పడిపోయిందని నీళ్ళు ఎన్నాళ్ళకోసారి ఎక్కిస్తున్నారు?" అని అడిగారు.

నేను ఫోన్లో చెప్పుకున్నది వేరే బాధ. మేడ మీద గదుల్లో రేడియేటర్లు రెండు రోజులుగా వెచ్చబడటం లేదు. కింద హాల్లో, వంటింట్లో బాగానే ఉంది. స్నానానికి వేడినీళ్ళకీ లోటు లేదు. బయట సున్నాకి మూడు డిగ్రీల కింద ఉంది. పైన పడుకోవాల్సిన పిల్లలు రెండు రాత్రులుగా హాల్లో పరుపులేసుకుంటున్నారు. దీనికీ ప్రెజరుకీ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. "నెలకోసారి. ఈమధ్య మూడు వారాలకే ఎక్కించాల్సి వస్తోంది" అన్నాను. ఆయన తల పంకించి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

ఇంగ్లండ్‌లో రెడింగ్ ఊళ్ళో ఉంటాం మేము. ఆయన అరవైకి దగ్గర పడిన మనిషి, హీటింగ్ ఇంజనీరు. గ్యాస్ బాయిలర్ మీద చెయ్యి వెయ్యాలంటే ఇక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండి తీరాలి, 2009 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతే నడుస్తోంది. ఫోటో ఉన్న ఆ కార్డు నేను అడక్కముందే గుమ్మంలో చూపించారు. ఆ రోజు ఆయన మా ఇంట్లో ఉన్నది మూడు గంటల పైచిలుకు. అందులో పనిముట్టు చేతిలో ఉన్న సమయం సగానికి మించదు. మిగతా సగంలో ఏం చేశారో చెబితే తప్ప ఆయన పనితనం తెలియదు.

ముందు ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో చెప్పాలి. కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకిది కాలవల భాషలోనే అర్థమవుతుంది. బాయిలర్ దగ్గర కాగిన నీటిని పంపు ఒక పెద్ద పైపులోకి నెడుతుంది. ఆ పైపు మూడు పాయలవుతుంది. ఒకటి మేడ మీది రేడియేటర్లకి, ఒకటి కింది రేడియేటర్లకి, ఒకటి స్నానాల నీళ్ళు కాచే సిలిండరుకి. ఒక్కో పాయనీ ఒక జోన్ అంటారు. ఇంగ్లండ్ భవన నిబంధనలు 150 చదరపు మీటర్లు దాటిన కొత్త ఇళ్ళకి కనీసం రెండు హీటింగ్ జోన్లు ఉండాలంటాయి. పగలంతా ఖాళీగా ఉండే పడగ్గదుల్ని వేడిచెయ్యడం ఎందుకన్నదే అందులో ఆలోచన. పాయ మొదట్లో ఒక్కో వాల్వు, అంటే కాలవ తూము దగ్గర షట్టరు. ఆ వాల్వు నెత్తిన కూర్చున్న చిన్న డబ్బా మా ఊరి లష్కరు. పై గదిలో థర్మోస్టాట్ "మాకు చలిగా ఉంది" అంటుంది. లష్కరు షట్టరు ఎత్తుతాడు. పూర్తిగా ఎత్తాక పైకి కబురు చేస్తాడు. ఆ కబురు అందితే తప్ప బాయిలర్ మండదు, పంపు తిరగదు.

ఈ కబురు దగ్గరే పనితనమంతా ఉంది. దారి తెరుచుకోకుండానే బాయిలర్ మండితే కాగిన నీరు ఎటూ పోలేక అక్కడే సలసల మరుగుతుంది. అందుకని గదిలోని థర్మోస్టాట్‌కి బాయిలర్‌తో నేరుగా మాట్లాడే హక్కు ఇవ్వలేదు. మధ్యలో వాల్వు ఉండాలి, అది తెరుచుకున్నానని తన నోటితో చెప్పాలి. ఇంటికి వచ్చే కరెంటుతోనే నడిచే ఈ సంభాషణకి అయిదు తీగలు చాలు. గోధుమరంగు తీగలో థర్మోస్టాట్ పిలుపు వస్తుంది. నీలం తీగ న్యూట్రల్. ఆకుపచ్చ-పసుపు చారల తీగ ఎర్త్. బూడిదరంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. వాల్వు పూర్తిగా తెరుచుకోగానే లోపలి మైక్రోస్విచ్ ఆ బూడిదరంగు తీగని నారింజ తీగకి కలుపుతుంది, నారింజ తీగ వెళ్ళి బాయిలర్‌నీ పంపునీ లేపుతుంది. గోధుమరంగులో వచ్చిన పిలుపు నారింజలో జవాబుగా వెళ్ళిందంటే వాల్వు బాగున్నట్టే. వెళ్ళలేదంటే ఆ రెంటి నడుమ ఎక్కడో తెగిందన్నమాట. ఆయన ఆ రోజు వెతికింది ఆ ఒక్క చోటు కోసం.

మెట్ల మీద కూర్చునే ఆయన సగం ఇంటిని పక్కకి పెట్టేశారు. కింద వెచ్చగా ఉందంటే బాయిలర్ బాగుంది, పంపు బాగుంది, ఫ్యూజు బాగుంది. వేడినీళ్ళు వస్తున్నాయంటే వేళలు చూసే ప్రోగ్రామర్‌కి కరెంటు ఉంది. "ఉన్నట్టుండి ఆగిపోయిందా, రోజురోజుకీ తగ్గుతూ వచ్చిందా?" అని అడిగారు. ఉన్నట్టుండి అన్నాను. రేడియేటర్లలో మడ్డి పేరుకుంటే కొద్దికొద్దిగా చల్లబడతాయి, ఒక్క రాత్రిలో అన్నీ ఆగిపోవు. అదీ పక్కకి పోయింది. ఇక మిగిలింది పై గది థర్మోస్టాట్, దాని తీగలు, దాని వాల్వు. ఇంకా ఒక్క మూత కూడా విప్పలేదు.

పైకెళ్ళి థర్మోస్టాట్‌ని 25 డిగ్రీలకి పెంచారు. లోపల చిన్న క్లిక్ వినిపించింది. అప్పుడు సిలిండరు ఉండే ఎయిరింగ్ కప్‌బోర్డు తలుపు తీశారు. ఇక్కడి పాత అలవాటు ప్రకారం మేమూ అందులో తడి తువ్వాళ్ళు ఆరేస్తాం. ఆయన వాటిని విసిరెయ్యకుండా ఒక్కొక్కటీ మడతపెట్టి కుర్చీ మీద ఉంచారు. తరవాత అరచెయ్యి పైపు మీద వేశారు. వాల్వుకి ఇవతల చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడి. వాల్వుకి అవతల చల్లగా, ఇనుపగొలుసు తాకినట్టు. నా చెయ్యి కూడా పట్టుకుని పెట్టించారు. రెండు చేతుల మధ్య దూరం జానెడు కూడా లేదు.

ఆపైన చేసిన పని నేను జన్మలో మరిచిపోను. వాల్వు నెత్తిన ఉన్న ఆ డబ్బాని హెడ్ అంటారు. దాని పక్కన ఒక చిన్న లివరు ఉంటుంది. కరెంటు లేనప్పుడు చేత్తో వాల్వు తెరవడానికి పెట్టిన లివరు అది. ఆయన ముందు కింది జోన్ వాల్వు లివరుని వేలికొసతో కదిపారు. వదులుగా, ఊడబోయే పన్నులా అటూ ఇటూ ఊగింది. "ఇది తెరుచుకుని ఉంది. బరువంతా మోటారు మోస్తోంది" అన్నారు. తరవాత మేడ జోన్ లివరు కదిపారు. అది బిగుసుగా, స్ప్రింగు ఎదురు తోస్తున్నట్టు నిలబడింది. థర్మోస్టాట్ పిలుస్తూనే ఉంది, వాల్వు కదల్లేదు. కింది వాల్వు డబ్బా మీద వేలు పెడితే సన్నగా రొద తగులుతుంది, గోరువెచ్చగా ఉంటుంది. మేడ వాల్వు డబ్బా చల్లగా, మూగగా ఉంది. ఏ మీటరూ లేకుండా, ఒక వేలితో, మోటారు తిరగడం లేదని తేల్చారు. "మంచి వాల్వు పక్కనే ఉండటం అదృష్టం. చెడ్డదాన్ని దాంతో కొలవొచ్చు" అన్నారు.

ఇంత తేలినా కొత్త హెడ్ కోసం వ్యాన్ దగ్గరికి పోలేదు. మోటారు తిరగకపోవడానికి మూడు కారణాలుండొచ్చు. పిలుపు అందకపోవచ్చు. పిలుపు అందినా మోటారు కాలిపోయి ఉండొచ్చు. మోటారు బాగున్నా ఇత్తడి ఒంట్లోని ఇరుసు పట్టేసి ఉండొచ్చు. మొదటిది తేల్చడానికి తీగలన్నీ వచ్చి చేరే డబ్బా తెరిచారు. తెరిచి, కొలిచే ముందు, కింది జోన్‌నీ వేడినీళ్ళనీ ఆపేశారు. ఎందుకని అడిగాను. మూడు వాల్వుల నారింజ తీగలూ ఒకే టెర్మినల్లో కలుస్తాయట. కింది జోన్ పనిచేస్తుండగా కొలిస్తే దాని కరెంటే మేడ వాల్వు నారింజ తీగలోనూ కనిపిస్తుంది. చచ్చిన వాల్వు బతికున్నట్టు అబద్ధమాడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక బాగున్న స్విచ్చుల్నీ బాగున్న బాయిలర్ బోర్డుల్నీ ఎంతమంది మార్చి ఉంటారో అనిపించింది నాకు.

ఇంకో చిన్న సంగతి. టెస్టరు రెండు మొనల్లో ఒకటి గోధుమరంగు తీగ మీద పెట్టి, రెండోది ఎర్త్ మీద కాకుండా నీలం తీగ మీద పెట్టారు. ఎర్త్‌తో కొలిచినా అంకె వస్తుంది. కానీ ఒకవేళ నీలం తీగే ఊడిపోయి ఉంటే ఆ అంకె దాన్ని దాచిపెడుతుంది. మోటారుకి వచ్చేదారి ఎంత ముఖ్యమో పోయేదారీ అంతే ముఖ్యం. టెస్టరు 238 వోల్టులు చూపించింది. బూడిదరంగులోనూ 238. నారింజలో సున్నా. పిలుపు వచ్చింది, జవాబు వెళ్ళలేదు.

అప్పుడు కరెంటు ఆపారు. గోడ మీది స్పర్ స్విచ్ ఆపి, అందులోని 3 ఆంపియర్ల ఫ్యూజు పీకి తన చొక్కా జేబులో వేసుకున్నారు. ఎవరైనా పొరపాటున స్విచ్ వేసినా కరెంటు రాకూడదు. టెస్టరుని కరెంటున్న చోట ఒకసారి చూసుకుని, ఇక్కడ చూసి, మళ్ళీ కరెంటున్న చోట చూసుకున్నారు. మధ్యలో టెస్టరే చచ్చిపోతే సున్నాని నమ్మి చెయ్యి పెడతాం కదా. థర్మోస్టాట్ ఆపేస్తే చాలనుకునేవాళ్ళకి ఈ వాల్వు ప్రమాదం. బూడిదరంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పక్క జోన్ పనిచేస్తుంటే నారింజలోనూ ఉంటుంది. చేత్తో పనిచేసే పెద్దవాళ్ళు జాగ్రత్తని చాదస్తంలా కాకుండా ఊపిరి తీసుకున్నట్టు చేస్తారు. అది చూడటానికే బాగుంటుంది.

మూత విప్పి, హెడ్‌ని ఇత్తడి ఒంటి నుంచి వేరు చేశారు. చుక్క నీరు రాలేదు. కొత్త రకాల్లో ఆ వీలుంది, పాతవాటిలో హెడ్ తియ్యాలంటే నీళ్ళన్నీ దింపాలి. బయటపడ్డ ఇరుసుని రెండు వేళ్ళతో తిప్పితే నూనె రాసినట్టు తిరిగింది. ఇత్తడి ఒళ్ళు బాగుంది. మోటారు తీగలు విడదీసి ఓమ్‌లు కొలిచారు. బాగున్న మోటారుకి అంకె వేలల్లో ఉంటుంది. దీనికి అసలేమీ లేదు, లోపలి చుట్ట తెగిపోయింది. మూతి దగ్గర పెట్టుకుని వాసన చూసి నాకిచ్చారు. పొలం మోటారు కాలిన వాసన తెలిసినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు, అదే వాసన, కాకపోతే చిటికెడు.

సరే, దొరికింది కదా అనుకున్నాను. కొత్తది పెట్టేస్తే పది నిమిషాల పని. ఆయన మాత్రం ఆ మోటారు తీగల చివర్లు చూస్తూ ఆగిపోయారు. "దీన్ని ఇదివరకే ఒకసారి మార్చారు" అన్నారు. తీగల్ని కలిపిన బుడిపెలు కొత్తవి, తీగలు పాతవి. నిజమే. రెండు చలికాలాల కిందట ఇంకెవరో వచ్చి మోటారు మార్చి వెళ్ళారు. ఆ వచ్చినతన్ని ఈయన ఒక్క మాట అనలేదు. "మోటారు కాలింది, మోటారు మార్చాడు. రెండేళ్ళకే మళ్ళీ ఎందుకు కాలిందన్నది నా వంతు" అన్నారు.

ఇక్కణ్ణుంచి అరగంట పాటు ఆయన చేసింది చూడటం మాత్రమే. టార్చి వేసి, హెడ్ లోపలి రేకుని వంచి చూశారు. రేకు ఒక మూల తుప్పు మరక, మైక్రోస్విచ్ కాళ్ళకి ఆకుపచ్చటి చిలుము. లోపలికి నీళ్ళు పోయాయి. ఇరుసు దగ్గర ఓ-రింగు కారుతోందా? అక్కడ పొడిగా ఉంది. మరి నీళ్ళెక్కడివి? వాల్వు ఉన్న పైపు అడ్డంగా పోతుంది. బిగించినవాళ్ళు హెడ్‌ని పైపు కిందికి వేలాడేలా బిగించారు. అలా బిగించకూడదు, హెడ్ పైపు కన్నా దిగువకి రాకూడదని వీటితో వచ్చే కాగితంలోనే ఉంటుందట. జానెడు అవతల ఒక కంప్రెషన్ జాయింటు ఉంది. దాని నట్టు చుట్టూ తెల్లగా, అక్కడక్కడా పచ్చగా, ఉప్పు పేరినట్టు పెచ్చు కట్టింది. ఆ పెచ్చుని గోటితో గీరి, నట్టుని పొడిగా తుడిచి, ఒక టిష్యూ కాగితం చుట్టారు. "టీ ఇస్తారా?" అన్నారు.

టీ తాగి వచ్చేసరికి కాగితం అడుగున ఆవగింజంత తడి.

మొత్తం కథ ఆ తడిలో ఉంది. జాయింటు నుంచి నీరు చుక్కచుక్కగా పోతోంది. వేడి పైపు మీద చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి నేల మీద ఎప్పుడూ మరక కనిపించలేదు. ఆవిరి కాని చుక్క పైపు అడుగున పాకుతూ వెళ్ళి, అన్నిటికన్నా దిగువన వేలాడుతున్న వాల్వు హెడ్‌లోకి దిగుతోంది. మోటారుని రెండేళ్ళకోసారి తినేస్తోంది. ప్రెజర్ ఎందుకు పడిపోతోందో, నేను నెలనెలా ఎందుకు నీళ్ళెక్కిస్తున్నానో, మెట్ల మీద కూర్చుని ఆయన మొదట ఆ ప్రశ్న ఎందుకు అడిగారో అప్పుడు వెలిగింది. బీడు వారిన చివరి పొలం దగ్గర నిలబడి తగాదా పడకుండా, గండి ఎక్కడ పడిందో కాలవ గట్టు వెంట నడిచి చూసే మనిషి ఈయన.

నట్టుని ముందు పావు చుట్టు బిగించి చూశారు. ఒక స్పానరుతో నట్టు తిప్పుతూ, రెండో స్పానరుతో ఫిట్టింగు ఒంటిని పట్టుకున్నారు. లేకపోతే ఆ మెలిక పైపుకి పాకి, బాగున్న పక్క జాయింటు కదిలిపోతుంది. కొత్త కాగితం మళ్ళీ తడిసింది. అయితే విప్పాల్సిందే. కింది అంతస్తులో డ్రెయిన్ కాక్‌కి గొట్టం తగిలించి నీళ్ళు బయటికి దింపారు. మొదట వచ్చిన నీళ్ళు గాజు సీసాలో పట్టి నాకు చూపించారు. డికాక్షన్ కన్నా నల్లగా ఉన్నాయి. సీసా పక్కన అయస్కాంతం పెడితే నలుపంతా గాజు వెంట దాని వైపు పాకింది. అది మాగ్నటైట్, రేడియేటర్ల ఉక్కుని నీళ్ళు తిని తిని ఊడిన ఇనుప ఆక్సైడు. మూసి ఉన్న వ్యవస్థలో పాత నీరే తిరుగుతుంటే అందులోని ఆక్సిజన్ కొన్నాళ్ళకి అయిపోతుంది, తుప్పు ఆగుతుంది. నేను ప్రెజర్ కోసమని ఎక్కించిన ప్రతిసారీ కొత్త నీటితో కొత్త ఆక్సిజన్ పోశాను, తుప్పు పట్టకుండా కలిపిన మందుని పలచన చేశాను. మంచి చేస్తున్నాననుకుంటూ రెండేళ్ళు తుప్పుకి మేత వేశానన్నమాట.

విప్పిన జాయింటులో పైపు మీద ఒక ఇత్తడి ఉంగరం బిగిసి ఉంది. ఆలివ్ అంటారు. నట్టు బిగిస్తే అది నలిగి పైపుని కరుచుకుంటుంది, అదే నీటికి అడ్డు. దాన్ని తియ్యడం చూడాలి. చిన్న హాక్సాతో ఉంగరం మీద ఏటవాలుగా గాటు పెట్టారు. కింది రాగికి వెంట్రుకవాసి ఎడంలో ఆపేశారు. గాటులో స్క్రూడ్రైవరు మొన పెట్టి మెలితిప్పితే ఉంగరం టక్కున విరిగి తెరుచుకుంది. రంపం పంటి గుర్తు రాగి మీద ఒక్కటీ లేదు. టార్చి పక్కనుంచి వేసి చూపిస్తే, ఉంగరం ఉన్న చోట పైపు పొడవునా జుట్టులాంటి ఒక గీత. మొదటిసారి పైపు దూర్చినప్పుడు దేనికో గీసుకుని ఉండాలి. ఉంగరం ఎంత బిగించినా ఆ గీత దాని కిందనుంచి సొరంగంలా నీళ్ళని దాటించేస్తుంది. సన్నటి ఎమరీ గుడ్డ తీసుకుని, పైపు చుట్టూ తిప్పుతూ రుద్దారు. పొడవునా రుద్దితే కొత్త సొరంగాలు పడతాయి. గోరు పెట్టి లాగి చూసి, కళ్ళు మూసుకుని మళ్ళీ లాగి చూసి, అప్పుడు కొత్త ఆలివ్ తొడిగారు.

నీళ్ళు దిగి ఉన్నాయి కదా అని వాల్వు రెండు పక్కల నట్లూ వదులు చేసి, వాల్వుని తిప్పి, హెడ్ పైకి చూసేలా బిగించారు. నేను అడగలేదు. అడగాలని నాకు తెలియదు కూడా. కొత్త హెడ్ తీగని డబ్బాలోకి తీసుకెళ్ళేటప్పుడు తిన్నగా లాగకుండా, డబ్బా కన్నా దిగువకి ఉయ్యాలలా వేలాడదీసి మళ్ళీ పైకి తెచ్చారు. ఎప్పుడైనా తీగ వెంట నీరు పాకినా ఆ అడుగున చుక్కగా రాలిపోతుంది, డబ్బాలోకి ఎక్కదు.

తీసేసిన హెడ్ నాకిచ్చి వెళ్ళమని బతిమాలాను. ఆ రాత్రి భోజనాల బల్ల మీద పేపరు పరిచి విప్పాను. రెండు స్క్రూలు తీస్తే మోటారు ఊడివచ్చింది. పాత అణా బిళ్ళల దొంతరంత. లోపల తలవెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. ఒక చోట నల్లగా మాడి తెగింది. ఇది సింక్రొనస్ మోటారు. సెకనుకి 100 సార్లు దిశ మారే కరెంటుతో అడుగు కలిపి నడుస్తుంది. లోపలి పళ్ళచక్రాలు ఒకదానికొకటి అందిస్తూ ఆ పరుగుని నత్త నడకకి తెస్తాయి. చివరి బుల్లి చక్రం, పావు చక్రంలా ఉన్న పెద్ద పళ్ళ పలకని తిప్పుతుంది. ఆ పలక ఇరుసుని తిప్పితే, ఇత్తడి ఒంట్లో దారికి అడ్డంగా ఉన్న రబ్బరు బంతి పక్కకి జరుగుతుంది. పదిహేను సెకన్లలో, కాస్త అటో ఇటో. ప్రయాణం చివర పలక అంచు మైక్రోస్విచ్ సన్నటి రేకుని నొక్కుతుంది. అదే నారింజ తీగ జవాబు.

తెరుచుకున్నాక మోటారుకి కరెంటు ఆగదు. తిరగడం మానేసి, స్ప్రింగుకి ఎదురొడ్డి, గది వెచ్చబడేదాకా అలాగే నిలబడి ఉంటుంది. అందుకే డబ్బా గోరువెచ్చగా ఉంటుంది. చలికాలంలో రోజూ గంటల తరబడి ఒక గేటుని భుజంతో తోసి పట్టుకున్నట్టు. కరెంటు పోగానే స్ప్రింగు తనంతట తను వాల్వు మూసేస్తుంది. మూయడానికి ఎవరి దయా అక్కర్లేకుండా పెట్టిన ఈ ఏర్పాటు చూసి చాలాసేపు ఆ స్ప్రింగుని వేలితో లాగుతూ కూర్చున్నాను. ఈ ఏర్పాటు వెనకున్న ఆలోచన ఇవాళ్టిది కాదు. 1885లో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బుట్జ్ అనే ఆయన బొగ్గు కొలిమికి ఒక పరికరం చేశారు. గది చల్లబడితే థర్మోస్టాట్ కబురు చేస్తుంది, చిన్న మోటారు కొలిమి గాలితలుపు ఎత్తుతుంది. గది పిలవడం, మోటారు దారి తెరవడం అన్న ఆలోచనకి అంత వయసుంది. అమెరికాలో వేడినీళ్ళ హీటింగ్ ఉన్న ఇళ్ళలో ఈ వాల్వులే 24 వోల్టులతో నడుస్తాయి, కొన్నిటిలో అయితే మోటారే ఉండదు. చిన్న డబ్బాలోని మైనాన్ని కరెంటుతో వేడిచేస్తే అది ఉబ్బి వాల్వుని తోస్తుంది. పద్ధతి వేరు కానీ ఆ వాల్వు కూడా తెరుచుకున్నాకే కబురు చేస్తుంది.

మళ్ళీ ఆ మధ్యాహ్నానికి వస్తాను. నీళ్ళు నింపి, తుప్పు మందు కలిపి, రేడియేటర్లలో గాలి తీసి, గేజ్ 1.2 బార్ దగ్గర నిలిపాక, జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టారు. అన్ని జోన్లూ ఆపి మేడ ఒక్కదాన్నే పిలిపించారు. రొద మొదలైంది. వేలు లివరు మీద ఉంచి లెక్కపెట్టారు. లివరు వదులైంది, లోపల టక్ మంది, కింద బాయిలర్ అందుకుంది. నా మొహం వెలిగింది కానీ ఆయన పని అవలేదు. థర్మోస్టాట్ తగ్గించారు. స్ప్రింగు మూసింది, నారింజలో కరెంటు పోయింది, మంట ఆరింది. స్విచ్ అతుక్కుపోతే ఎవరూ అడక్కపోయినా బాయిలర్ మండుతూనే ఉంటుంది, ఎండాకాలంలో కూడా. అందుకని వెలగడమే కాదు, ఆరడం కూడా చూసుకోవాలన్నారు. తరవాత కింది జోన్ ఒక్కటే, ఆపైన వేడినీళ్ళు ఒక్కటే నడిపి, ప్రతిసారీ మూసి ఉన్న వాల్వుల అవతల పైపులు తడిమారు. చల్లగా ఉన్నాయి, దొంగచాటుగా నీరు దాటడం లేదు. మూడు వాల్వుల మీదా ఏది ఏ జోనో మార్కరుతో రాశారు. టిష్యూ కాగితం ఒకటి జాయింటుకి చుట్టి వదిలేసి, వారం తరవాత చూసి ఫోన్ చెయ్యమన్నారు. తువ్వాళ్ళు తిరిగి సర్దారు.

నాకు తెలిసిన తెలుగువాళ్ళిళ్ళలో చాలాచోట్ల ప్రెజర్ పడిపోతే నీళ్ళెక్కించుకోవడం దీపం పెట్టుకున్నంత మామూలు పని. ఏడాదికి ఒకటి రెండుసార్లయితే సరే. నెలనెలా అవసరమవుతోందంటే ఎక్కడో చుక్క పోతోంది, ఆ మాట ఇంటికి వచ్చిన ఇంజనీరుకి ముందే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి. అందరూ అడగరు.

వారానికి కాగితం పొడిగానే ఉందని ఫోన్ చేసి చెప్పాను. నీళ్ళెక్కించే గొట్టాన్ని వెళ్ళేముందు ఆయనే విప్పి, కప్‌బోర్డులో మేకుకి తగిలించారు. అది ఎప్పుడూ తగిలించి ఉంచకూడదట. రెండు చలికాలాలు గడిచాయి. గేజ్ ముల్లు 1.2 దగ్గరే ఉంది, గొట్టం మేకుకే ఉంది.